తెల్లకాగితం మీద సంతకం
(మన ప్రాంతపు కార్మికుడు, చట్టం, వివాద పరిష్కారం: ఒక పరిశీలన)

 

ప్రతి ఏడూ మన సంచికలో కవితలు వస్తాయి, కథలు వస్తాయి, గండికోట గురించో పెన్న గురించో ఒక వ్యాసం వస్తుంది. ఈసారి నేను కూలి గురించి రాయదలచుకున్నాను. మన తరగతిలో కూర్చున్న వాళ్ళలో సగం మందికి పైగా ఏదో ఒక కూలి డబ్బుతోనే ఫీజు కడుతున్నాం. అయినా కూలికి సంబంధించిన చట్టాన్ని పరీక్షలో పది మార్కుల ప్రశ్నగానే చదువుతున్నాం. చదివినదాన్ని ఇంటిదాకా తీసుకెళ్ళడం లేదు. నేనూ తీసుకెళ్ళలేదు. ఆ తప్పు ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

మన మూడు ఊళ్ళు

ప్రొద్దుటూరు అంటే బయటివాళ్ళకు బంగారు అంగళ్ళు, బట్టల అంగళ్ళు, దసరాకు అమ్మవారిశాల. ఆ అంగళ్ళలో పొద్దున్నుంచి రాత్రిదాకా నిలబడే గుమాస్తాలు, పత్తి జిన్నింగు మిల్లుల్లో దుమ్ము మింగే ఆడవాళ్ళు, నూనె మిల్లుల్లో మూటలు మోసే హమాలీలు, మగ్గాల గుంటల్లో కూర్చున్న నేతగాళ్ళు బయటివాళ్ళ కంటికి ఆనరు. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు వెళితే నాపరాయి గనులు, బండల పాలిష్ ఫ్యాక్టరీలు, చిలంకూరు సిమెంటు ఫ్యాక్టరీ, అటు ముద్దనూరు వైపు రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం కనిపిస్తాయి. పులివెందుల వైపు వేములలో ముగ్గురాయి, బ్రాహ్మణపల్లెలో రాతినార, 2007లో శంకుస్థాపన జరిగిన తుమ్మలపల్లె యురేనియం గని వున్నాయి. మన నేల కింద వున్న రాయే మనకు అన్నం పెట్టింది. ఆ రాయే కొందరి వేళ్ళు తీసుకుంది, కొందరి ఊపిరి తీసుకుంది.

ఇంత పని జరిగేచోట తగాదాలు రాకుండా వుండవు. జీతం ఆలస్యమవుతుంది. ఒక పొద్దు మేస్త్రీ వచ్చి "రేపటినుంచి రావద్దప్పా" అంటాడు. మిషనులో చెయ్యి పడుతుంది. అప్పుడు కార్మికుడు యాడికి పోవాలి? మన ప్రాంతంలో తరతరాలుగా ఈ ప్రశ్నకు ఒకటే జవాబు: పెద్దమనిషి ఇంటికి.

మా ఇంటి సంగతి

2018లో నేను ఎనిమిదో తరగతి చదువుతున్నాను. మా నాయన ఒక బండల పాలిష్ యూనిట్లో పని చేసేవాడు. పేరు చెప్పను, ఆ ఫ్యాక్టరీని నిందించడం నా ఉద్దేశం కాదు. ఎనిమిది మంది పనిచేసే చిన్న యూనిట్. నెలకు తొమ్మిది వేలు ఇచ్చేవాళ్ళు. అప్పటికి మా నాయనకు నలభై ఏండ్లు నిండాయి. ఒక సాయంత్రం కటింగ్ మిషను బెల్టులో కుడిచేతి రెండు వేళ్ళు పోయాయి.

యజమానే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. బిల్లు ఆయనే కట్టాడు. అది నిజం, దాచకూడదు. పదహైదు దినాల తర్వాత ఊళ్ళో ఒక పెద్దమనిషి ఇంటి వసారాలో కూర్చున్నారు. మా నాయన, మా మామ, యజమాని, యజమాని తరఫు ఇద్దరు. ఇరవై వేలు మా నాయన చేతిలో పెట్టి, స్టాంపు అంటించిన తెల్లకాగితం మీద సంతకం చేయమన్నారు. కుడిచెయ్యి కట్టులో వుంది. ఎడమచేతి వేలిముద్ర వేయించుకున్నారు. "ఇంతటితో అయిపోయింది, ఇంక ఒకరి మీద ఒకరికి మాట లేదు" అని పెద్దమనిషి తీర్పు చెప్పాడు. అందరూ కాఫీ తాగి లేచారు.

మాయమ్మ ఆ డబ్బుతో నా హాస్టలు ఫీజు కట్టింది. మేమంతా ఆ యజమాని మంచివాడనే అనుకున్నాం. కార్మిక చట్టాల పాఠం వచ్చేదాకా నేనూ అలాగే అనుకున్నాను. ఆ పాఠంలో ఏముందో వ్యాసం చివర్లో లెక్క వేసి చూపిస్తాను. ముందు చరిత్ర కొంత తెలుసుకుందాం.

గిరి గారి మార్గం

పని చేసేచోట వచ్చే తగాదాను తీర్చడానికి లోకంలో ఎన్నో దార్లు వున్నా, ముఖ్యమైనవి మూడు. ఒకటి, ఇరుపక్షాలూ ఎదురుగా కూర్చుని మాట్లాడుకోవడం. రెండు, మూడో మనిషి మధ్యలో వుండి రాజీ కుదర్చడం. మూడు, న్యాయాధికారి తీర్పు చెప్పడం. మన దేశంలో 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ఈ మూడింటికీ చోటిచ్చినా, ప్రభుత్వం తగాదాను ట్రిబ్యునలుకు పంపే పద్ధతికే బలం ఎక్కువైంది.

దీన్ని గట్టిగా వ్యతిరేకించిన వ్యక్తి మన తెలుగువాడే. బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరి రైల్వే కార్మికుల సంఘాలను నడిపిన మనిషి. 1937లో మద్రాసు రాజధానిలో, 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యాడు. యజమానీ కార్మికుడూ కోర్టుకు ఎక్కడం అలవాటు చేసుకుంటే ఇద్దరికీ మాట్లాడుకునే అలవాటు పోతుందనీ, సంఘాలు బలహీనపడతాయనీ ఆయన వాదం. దాన్నే "గిరి విధానం" అని పిలిచారు. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయంలో అప్పీలు ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశాడు. తర్వాత 1969లో రాష్ట్రపతి అయినా, కార్మికులు గుర్తు పెట్టుకున్నది ఆ రాజీనామానే.

ఇక్కడ మనం ఒక సంగతి గమనించాలి. గిరి గారు కోరింది సమవుజ్జీల మధ్య మాట. ఒకవైపు సంఘం వుండాలి, మరొకవైపు యజమాని వుండాలి. మన వసారా పంచాయితీలో జరిగేది అది కాదు. అక్కడ కార్మికుడు ఒంటరి. తీర్పు చెప్పే పెద్దమనిషి యజమానికి దగ్గరివాడు, కార్మికుడికి అప్పు ఇచ్చినవాడు, వచ్చే ఎన్నికల్లో ఓటు అడిగేవాడు. ఆయన ఎంత మంచివాడైనా కార్మికుడు "కాదు" అనలేడు. "కాదు" అనలేనిచోట "సరే" అన్న మాటకు విలువ లేదు. చర్చకూ పంచాయితీకీ వున్న తేడా ఇదే.

మన రాష్ట్రం ముందు నడిచిన వేళ

1947 చట్టంలో ఒక పెద్ద లోపం వుండేది. పారిశ్రామిక వివాదం అంటే చాలామంది కార్మికులు, లేదా సంఘం ఎత్తుకున్న తగాదా అనే అర్థం. ఒక్క మనిషిని పని నుంచి తీసేస్తే, సంఘం అతని వెంట రాకపోతే, అది వివాదమే కాదు. 1965లో 2ఏ సెక్షను చేర్చి ఆ లోపాన్ని సరిచేశారు. ఒక్కడిని తీసేసినా అది వివాదమే అన్నారు. కానీ ఆ వివాదం లేబర్ కోర్టుకు చేరాలంటే ప్రభుత్వం పంపాలి. ఫైలు కదలాలి. ఫైలు ఎలా కదులుతుందో మనకు తెలిసిందే.

1987లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ తలుపు తెరిచింది. మన రాష్ట్రం వరకు చట్టాన్ని సవరించి, పని నుంచి తీసేసిన కార్మికుడు ప్రభుత్వం దయ కోసం ఎదురుచూడకుండా తానే లేబర్ కోర్టులో దరఖాస్తు వేసుకోవచ్చు అన్నది. కేంద్రం ఇటువంటి వీలును దేశమంతటికీ ఇచ్చింది 2010లో. అంటే 23 ఏండ్ల ముందే మన దగ్గర బస్సు కండక్టరు, మిల్లు కార్మికుడు ఎవరి సిఫారసూ లేకుండా కోర్టు మెట్లెక్కగలిగారు. ఇది మన శాసన చరిత్రలో గర్వించదగిన పుట. అయినా మన జిల్లాలో ఎంతమందికి తెలుసు?

రాతినార, ఊపిరి

పులివెందుల ప్రాంతపు నేలలో దొరికే రాతినార క్రిసోటైల్ రకం. నిప్పుకు కాలదు, అందుకే రేకులకు, పైపులకు, బ్రేకులకు వాడారు. కానీ దాని పోగులు కంటికి కనిపించనంత సన్నగా విడిపోయి ఊపిరితిత్తుల్లో దిగబడతాయి. జబ్బు బయటపడడానికి పది, ఇరవై, ముప్ఫై ఏండ్లు కూడా పట్టవచ్చు. అప్పటికి కార్మికుడు పని మానేసి వుంటాడు, యజమాని మారి వుంటాడు, హాజరు పుస్తకం చెదలు పట్టి వుంటుంది. "నీ జబ్బుకూ మా పనికీ సంబంధమేమి?" అని అడిగితే జవాబు చెప్పే కాగితం వుండదు.

ఈ చిక్కును 1995 జనవరి 27న సుప్రీంకోర్టు పట్టుకుంది. కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం కార్మికుని ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ తీర్పు రాసిన జస్టిస్ కె. రామస్వామి తెలుగువారు. రాతినార పనిలో చేరిన ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును చేరిన రోజునుంచి 40 ఏండ్లు, లేదా పని మానినాక 15 ఏండ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించారు. జబ్బు రుజువైన వారికి లక్ష రూపాయల పరిహారం అన్నారు.

ఈ తీర్పులో నాకు అన్నిటికంటె నచ్చింది ఆ 40 ఏండ్ల మాట. కార్మికుని హక్కు చివరకు ఒక కాగితం మీద ఆధారపడుతుందని కోర్టు గుర్తించింది. ఆ కాగితం దాచే బాధ్యత యజమాని మీద పెట్టింది. మన బండల ఫ్యాక్టరీల్లో లేచే రాతి దుమ్ము రాతినార కాదు గానీ, సిలికా వున్న దుమ్ము కూడా ఊపిరితిత్తులను గట్టిపరుస్తుంది. నీళ్ళు చల్లుతూ కోయడం, ముక్కుకు సరైన మాస్కు, ఏడాదికొకసారి ఛాతీ పరీక్ష వుంటే ఎంతోమంది బతుకుతారు. వీటి గురించి అడగడం కూడా కార్మిక హక్కే. హక్కు అంటే జీతం ఒక్కటే కాదు.

ఇప్పటి చట్టం: నాలుగు కోడ్‌లు

మన పాఠ్యపుస్తకాల్లో ఇంకా పాత చట్టాల పేర్లే వున్నాయి. కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. 29 కేంద్ర చట్టాలను కలిపి వేతనాల కోడ్ (2019), పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత కోడ్ (2020) అని నాలుగు చేశారు. 2025 నవంబరు 21న వీటిని అమల్లోకి తెచ్చారు. వీటి మీద మెచ్చుకోళ్ళూ వున్నాయి, నిరసనలూ వున్నాయి. రెండు వైపులా చూడడం విద్యార్థి ధర్మం.

కార్మికునికి కలిసొచ్చినవి కొన్ని. పనిలో పెట్టుకుంటే నియామక పత్రం ఇవ్వాలి. నెలజీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. పని మాన్పించినా, తానే మానినా, రెండు పని దినాల్లో బాకీ తీర్చాలి. అదనపు గంటలకు రెట్టింపు కూలి. కోతలు ఎన్ని వున్నా జీతంలో సగం దాటకూడదు. జీతం బాకీ మీద దావా వేయడానికి పూర్వం కనీస వేతనాల చట్టం కింద ఆరు నెలలే గడువు వుండేది, ఇప్పుడు మూడేండ్లు. ఇచ్చాను అని యజమాని అంటే, ఇచ్చినట్టు రుజువు చేయవలసింది ఆయనే. కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే ఆ పని చేయించుకున్న అసలు సంస్థ బాధ్యత వహించాలి. సిమెంటు ఫ్యాక్టరీల్లో, విద్యుత్ కేంద్రాల్లో కాంట్రాక్టు కింద పనిచేసే మనవాళ్ళు ఇది కంఠస్థం చేయాలి.

కష్టమైనవీ వున్నాయి. పూర్వం నీళ్ళు, కరెంటు, రైళ్ళ వంటి ప్రజోపయోగ సేవల్లోనే సమ్మెకు ముందు నోటీసు తప్పనిసరి. ఇప్పుడు అన్ని పరిశ్రమల్లోనూ 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు జరుగుతున్నంతసేపూ సమ్మె చేయకూడదు. సగం మంది కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా అది సమ్మె కిందికే వస్తుంది. ఫ్యాక్టరీ మూతకు, పెద్దఎత్తున తీసివేతలకు ప్రభుత్వ అనుమతి 100 మంది వున్నచోట అవసరమయ్యేది, ఇప్పుడు 300 మంది వున్నచోటే. కాంట్రాక్టు కార్మికుల నిబంధనలు 20 మందికి వర్తించేవి, ఇప్పుడు 50 మందికి. మన ప్రాంతంలో ఎక్కువ యూనిట్లు చిన్నవి కనుక చాలామంది ఈ గీతకు అవతలే మిగిలిపోతారు. "చట్టం పెద్దదైంది, గొడుగు చిన్నదైంది" అని మా లెక్చరరు గారు ఒకరు అన్న మాట ఈ సందర్భంలో బాగా అతుకుతుంది.

ఇంకొక సంగతి. స్వేచ్ఛగా సంఘం పెట్టుకోవడం, సామూహికంగా బేరమాడుకోవడం గురించిన అంతర్జాతీయ కార్మిక సంస్థ 87, 98 నంబరు ఒప్పందాలను మన దేశం ఇంకా ఆమోదించలేదు. మన రాజ్యాంగం 19వ అధికరణం మాత్రం సంఘం పెట్టుకునే హక్కు ఇచ్చింది. ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్ట్రేషనుకు దరఖాస్తు పెట్టవచ్చు. అయితే ఆ చోట పనిచేసేవారిలో పదో వంతుగానీ, వంద మందిగానీ, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుగా వుండాలి.

తగాదా వస్తే ఎక్కవలసిన మెట్లు

మొదటి మెట్టు: ఫ్యాక్టరీ లోపలే. 20 మంది లేదా అంతకు మించి వున్నచోట ఫిర్యాదుల పరిష్కార కమిటీ వుండాలి. అందులో యజమాని తరఫువాళ్ళు ఎంతమందో కార్మికుల తరఫువాళ్ళూ అంతమందే. 30 రోజుల్లో తేల్చాలి. సంగతి జరిగిన ఏడాదిలోపల అడగాలి.

రెండో మెట్టు: కార్మిక శాఖలోని రాజీ అధికారి. అక్కడ తేలకపోయినా, కమిటీయే లేకపోయినా, పని నుంచి తీసేసినా ఈయన దగ్గరకు పోవచ్చు. ఆయన ఇద్దరినీ పిలిచి మాట్లాడతాడు. తీర్పు చెప్పడు, దారి చూపుతాడు. సాధారణంగా 45 రోజుల్లో ముగించాలి. ఇక్కడ కుదిరిన ఒప్పందం రాతపూర్వకంగా, ఇరువురి సంతకంతో, అధికారి ఎదుట జరుగుతుంది. వసారాలో చేసే సంతకానికీ దీనికీ నక్కకూ నాకలోకానికీ వున్నంత తేడా వుంది. గనుల విషయంలో ఒక జాగ్రత్త: గనులకు సంబంధించిన తగాదాలు కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి, రాష్ట్ర శాఖ కిందికి కాదు. వేముల గనిలో పనిచేసేవాడు తప్పు ఆఫీసుకు పోయి నెల పోగొట్టుకోకూడదు.

మూడో మెట్టు: పారిశ్రామిక ట్రిబ్యునల్. రాజీ కుదరలేదని అధికారి ఇచ్చిన నివేదిక అందిన 90 రోజుల్లోగా దరఖాస్తు వేయాలి. పని నుంచి తీసేసిన విషయమైతే, తీసేసిన రెండేండ్ల లోపలే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. పాత చట్టంలో మూడేండ్లు వుండేది. గడువు తగ్గిందని గుర్తుంచుకోండి.

డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం పారిశ్రామిక కార్మికులకు, ఆడవాళ్ళకు, షెడ్యూల్డు కులాల, తెగలవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడుచోట్లా కోర్టులున్నాయి. కోర్టు ఆవరణలో న్యాయ సేవల ఆఫీసు ఎక్కడని అడగడానికి ఎవరి సిఫారసూ అక్కరలేదు.

ఆడకూతుళ్ళ విషయం వేరుగా చెప్పాలి. జిన్నింగు మిల్లయినా, బట్టల అంగడయినా, పదిమంది లేక అంతకంటె ఎక్కువ మంది పనిచేసేచోట లైంగిక వేధింపుల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ వుండాలని 2013 చట్టం చెబుతుంది. అంతకన్నా తక్కువ మంది వుంటే జిల్లా స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. సామాన్యంగా మూడు నెలల్లోపల ఫిర్యాదు చేయాలి. మన ఊళ్ళలో ఇటువంటి మాట బయటికి వస్తే ముందు ఆడపిల్ల పని మాన్పిస్తారు. ఫిర్యాదు చేసినందుకు శిక్ష పడవలసింది ఆమెకు కాదని ఇంట్లోవాళ్ళకు చెప్పగలిగేది మనమే.

కాగితమే కార్మికుని బలం

కోర్టుల్లో కార్మికులు ఓడిపోయిన కేసులు చదివితే, చాలాచోట్ల చట్టం వాళ్ళవైపే వుంది, రుజువు మాత్రం లేదు. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడిని నోటీసు లేకుండా, పరిహారం లేకుండా తీసేయకూడదు. బాగుంది. కానీ 240 రోజులు చేశానని రుజువు చేయవలసింది కార్మికుడేనని 2002లో ఒక అటవీ శాఖ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. నోటిమాట చాలదు.

అందుకని ఏం చేయాలి? పెద్ద చదువు అక్కరలేదు. ఒక చిన్న నోటుబుక్కు చాలు. ఏ రోజు పనికి పోయాడో, ఎన్ని గంటలు చేశాడో, ఎంత అడ్వాన్సు తీసుకున్నాడో రోజూ రాసుకోవాలి. గేటు పాసు, జీతం చీటీ, బ్యాంకులో పడిన జీతం వివరాలు, మేస్త్రీ పంపిన ఫోను సందేశాలు దాచుకోవాలి. ప్రమాదం జరిగితే ఆసుపత్రి చీటీలో "పని చేస్తుండగా మిషనులో పడి" అని రాయించుకోవాలి. "ఇంట్లో జారిపడి" అని రాసిన చీటీ తర్వాత ఎవరికీ ఉపయోగపడదు. అన్నిటికంటె ముఖ్యం: ఖాళీ కాగితం మీద సంతకం చేయకూడదు. చదివించుకోకుండా వేలిముద్ర వేయకూడదు. ఇంట్లో చదువుకున్న పిల్లలు వుంటే, "మావాడు వచ్చి చదివినాక చేస్తాను సామీ" అని వినయంగా చెప్పి లేవాలి. వినయానికి ఖర్చు లేదు.

ఇప్పుడు మా ఇంటి లెక్క

ముందు చెప్పిన లెక్కకు వస్తాను. 2018లో అమల్లో వున్నది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. మా నాయన పనిచేసిన యూనిట్ ఈఎస్ఐ కిందికి రాలేదు కనుక ఈ చట్టమే వర్తిస్తుంది. ఒకే చేతికి రెండు వేళ్ళు పోతే సంపాదన శక్తిలో 20 శాతం పోయినట్టు ఆ చట్టపు షెడ్యూలు లెక్కగడుతుంది. పూర్తి వైకల్యానికి జీతంలో 60 శాతాన్ని వయసునుబట్టి ఇచ్చిన అంకెతో గుణించాలి. 40 ఏండ్ల వయసుకు ఆ అంకె 184.17. మా నాయన జీతం తొమ్మిది వేలయినా, చట్టం అప్పట్లో 8,000 రూపాయల దాకానే లెక్కలోకి తీసుకునేది.

8,000లో 60 శాతం 4,800. దాన్ని 184.17తో గుణిస్తే 8,84,016. అందులో 20 శాతం 1,76,803 రూపాయలు.

ఆసుపత్రి ఖర్చు ఇందులోంచి కోయడానికి లేదు. అది వేరుగా యజమాని భరించవలసిందే. నెలలోపల పరిహారం చెల్లించకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకపోతే సగం దాకా జరిమానా కూడా పడవచ్చు. జీతం పరిమితి 2020 జనవరిలో 15,000కు పెరిగింది. అదే ప్రమాదం ఆ తర్వాత జరిగి, జీతం 15,000 వుండి వుంటే లెక్క 3,31,506 అయ్యేది.

మాకు ముట్టింది ఇరవై వేలు.

ఇంకొక సంగతి నన్ను ఎక్కువ బాధపెట్టింది. పరిహారపు హక్కును వదులుకుంటానని కార్మికుడు చేసిన ఒప్పందం చెల్లదని ఆ చట్టం 17వ సెక్షను స్పష్టంగా చెబుతుంది. పరిహారాన్ని గురించి రాజీ పడితే ఆ ఒప్పందాన్ని కమిషనరు దగ్గర రిజిస్టరు చేయించాలి. అంటే ఆ తెల్లకాగితం చట్టం ముందు చిత్తుకాగితం. మా ఇంట్లో ఎవరికీ అది తెలియదు. దానికి భయపడి మేము ఎవరినీ అడగలేదు. దావా వేయడానికి రెండేండ్లు గడువు వుండేది. ఆ రెండేండ్లూ అలాగే గడిచిపోయాయి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో ఈ లెక్కంతా కాగితం మీద వేసి మా నాయనకు చూపించాను. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలు కూడా వుందని చెప్పాను. ఆయన చాలాసేపు ఆ అంకెలవైపే చూశాడు. "వద్దులేరా. ఆయప్ప నన్ను ఆసుపత్రికి మోసుకుపోయినాడు. ఇప్పుడు కోర్టంటే ఏం బాగుంటుంది?" అన్నాడు. నాకు కోపం వచ్చింది. తర్వాత ఆలోచిస్తే, ఆయన మాటలో కృతజ్ఞత వుంది, అలసట వుంది, అదే ఊళ్ళో రేపు బతకాలన్న లెక్క కూడా వుంది. చట్టం పుస్తకంలో ఆ మూడో లెక్కకు షెడ్యూలు లేదు. యజమాని మంచితనం ఒకటి, కార్మికుని హక్కు ఒకటి. మంచితనం చూపినందుకు హక్కు మాఫీ కాకూడదు. ఈ మాట ఆయనతో చెప్పగలిగాను గానీ ఒప్పించలేకపోయాను.

అయితే కథ అక్కడితో ఆగలేదు. రెండు నెలల తర్వాత మా నాయన ఫోను చేశాడు. పక్క యూనిట్లో బీహారు నుంచి వచ్చిన ఒక పిల్లవాడికి చెయ్యి నలిగిందట. వసారాలో కాగితం సిద్ధం చేశారట. మా నాయన అక్కడికి పోయి, "సంతకం చేయొద్దు, మావాడు వచ్చి చదువుతాడు" అని అందరి ముందర చెప్పి వచ్చాడట. తన కోసం నోరు తెరవని మనిషి, భాష రాని పిల్లవాడి కోసం తెరిచాడు. నేను మరుసటి రోజు బస్సెక్కాను. ఆ పిల్లవాడిని న్యాయ సేవల ఆఫీసుకు తీసుకెళ్ళాం. అర్జీ తీసుకున్నారు, రశీదు ఇచ్చారు. ఫలితం ఇంకా తెలియదు. రశీదు మాత్రం ఆ పిల్లవాడి జేబులో వుంది.

మనం చేయగలిగింది

మిత్రులారా! ప్లకార్డులు పట్టుకోండని నేను చెప్పడం లేదు. విద్యార్థి సంఘానికి ఒక చిన్న ప్రతిపాదన చేస్తున్నాను. వారానికి ఒక సాయంత్రం, మన కళాశాల గేటు దగ్గర ఒక బల్ల, రెండు కుర్చీలు వేసుకుందాం. కామర్సు, న్యాయశాస్త్రం చదివేవాళ్ళు వంతులవారీగా కూర్చుందాం. కార్మికులు తెచ్చిన కాగితాలు చదివి చెబుదాం, అర్జీలు రాసిపెడదాం, ఏ ఆఫీసుకు పోవాలో చెబుదాం. తీర్పులు చెప్పవద్దు, పంచాయితీలు చేయవద్దు. తెలియనిది తెలియదని చెప్పి వకీలు దగ్గరకు పంపుదాం. పూర్వ విద్యార్థుల్లో న్యాయవాదులు, కార్మిక శాఖ ఉద్యోగులు వున్నారు. వారు నెలకొక గంట ఇస్తే మాకు అదే పెద్ద సాయం. యజమానులుగా స్థిరపడిన పూర్వ విద్యార్థులకు కూడా ఒక మనవి. మీ యూనిట్లో నియామక పత్రాలు, హాజరు పుస్తకం, ప్రమాద బీమా సరిగా వున్నాయో లేదో ఈ వ్యాసం చదివినాక ఒకసారి చూసుకోండి. తగాదా రాకముందు పెట్టే ఖర్చు, వచ్చినాక పెట్టే ఖర్చు కన్నా ఎప్పుడూ తక్కువే.

మా నాయన ఇప్పుడు ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటున్నాడు. అక్షరాలు వంకరగా వస్తున్నాయి. "బాగా వచ్చినాక ఏం చేస్తావు నాయనా?" అని అడిగాను. "ముందు చదువుతా, తర్వాత పెడతా" అన్నాడు.